అడ్డు పెట్టినంత మాత్రాన ఆగుతుందా?

పాదచారులు, భవనాల రక్షణకు పరీక్షకు నిలిచిన అడ్డుకట్టలే శరణ్యం
కాలువ కట్ట, బస్టాండు, బజారు.. ఒక్కో చోటికి ఒక్కో కొలత

తెనాలి, బాపట్ల, రేపల్లె: రోడ్డు అంచున ఓ ఇనుప గొట్టం పాతి, దానికి పసుపు, నలుపు చారలు వేస్తే చూసేవారికి రక్షణ ఉన్నట్లే కనిపిస్తుంది. ధాన్యం బస్తాలతో దూసుకొచ్చే లారీకి గాని, యాభై మందితో వెళ్లే బస్సుకు గాని అది అడ్డే కాదు. కాలువ కట్టల వెంబడి వెల్లసున్నం వేసిన రాళ్లు, కల్వర్టులపై ఇటుక పిట్టగోడలు, కూడళ్లలో దాతల పేర్లు రాసిన చక్రాల బారికేడ్లు.. డెల్టా పట్టణాల్లో ఎటు చూసినా ఇవే దర్శనమిస్తాయి. ఇవి రోడ్డు హద్దును చూపగలవు, వాహనాన్ని నెమ్మదిగా వెళ్లమని హెచ్చరించగలవు. అదుపు తప్పిన వాహనాన్ని ఆపగలవా అన్నదే అసలు ప్రశ్న. ఆపగలిగే శక్తి కంటికి కనిపించేది కాదు. ఎంత బరువున్న వాహనం, ఎంత వేగంతో, ఏ కోణంలో తాకితే ఎంత దూరంలో ఆగిందో పరీక్షించి తేల్చాల్సినది. ఆ కొలమానం లేకుండా కొన్న అడ్డుకట్టకు పెట్టిన ఖర్చు దండగ. అంతకు మించి, రక్షణ ఉందన్న భ్రమతో జనం దాని వెనుక నిలబడటం మరింత ప్రమాదకరం.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయని కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక వెల్లడించింది. వారిలో 32,825 మంది పాదచారులే. అంటే మృతుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు దాదాపుగా నడిచి వెళ్తున్నవారే. వీరికి సీటు బెల్టు లేదు, హెల్మెట్ లేదు. కాలిబాట, దాని అంచున ఉండే అడ్డుకట్ట మాత్రమే వారికి కవచం.

అనుభవాలు చెప్పిన పాఠాలు

తెలుగు నేలపై గత కొన్నేళ్లలో జరిగిన ఘోరాలను పరిశీలిస్తే అడ్డుకట్ట లేకపోవడం, ఉన్నా చాలకపోవడం పదే పదే కనిపిస్తుంది.

• చిత్తూరు జిల్లా ఏర్పేడులో 2017 ఏప్రిల్ 21న పోలీస్ స్టేషన్ ఎదుట ఆందోళన చేస్తున్న జనంపైకి లారీ దూసుకెళ్లింది. విద్యుత్ స్తంభాన్ని సైతం ఢీకొట్టడంతో కనీసం పదిహేను మంది ప్రాణాలు కోల్పోయారు. రహదారికి, జనం గుమిగూడే ప్రభుత్వ కార్యాలయానికి మధ్య వాహనాన్ని ఆపగలిగే ఆధారమేదీ లేకపోయింది.

• అదే ఏడాది ఫిబ్రవరి 28న కృష్ణా జిల్లా ముళ్లపాడు వద్ద ప్రైవేటు బస్సు రెండు వంతెనల మధ్య ఖాళీలో పడిపోయింది. పది మందికి పైగా మృతి చెందారు. వంతెనలు రెండూ నిలిచే ఉన్నాయి. వాటి మధ్యనున్న ఖాళీయే మృత్యుద్వారమైంది.

• హైదరాబాద్ బయోడైవర్సిటీ కూడలి పైవంతెన ప్రారంభమైన మూడు వారాలకే, 2019 నవంబరు 23న, ఓ కారు దానిపై నుంచి ఎగిరి కింద పడింది. కింద రోడ్డు పక్కన ఉన్న మహిళ ప్రాణాలు విడిచారు. గంటకు 40 కి.మీ. పరిమితి ఉన్నచోట కారు 100 కి.మీ. పైగా వేగంతో వచ్చిందని అధికారులు తేల్చారు. అదనపు భద్రత ఏర్పాట్లు చేశాకే 2020 జనవరిలో వంతెనను తిరిగి తెరిచారు.

• ప్రకాశం జిల్లా దర్శి సమీపంలో 2023 జులైలో పెళ్లి బృందంతో వెళ్తున్న అద్దె ఆర్టీసీ బస్సు సాగర్ కాలువలో పడి ఏడుగురు మరణించారు.

• రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం ఆలూరు వద్ద 2024 డిసెంబరు 2న రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవారిపైకి లారీ దూసుకెళ్లి నలుగురు బలయ్యారు.

ఈ ఐదు ఘటనల్లో కారణాలు వేర్వేరు. డ్రైవరు తప్పిదం, అతివేగం వంటివి దర్యాప్తులో తేలవలసినవి. డ్రైవరు పొరపాటు చేయడం అసాధారణమేమీ కాదు. నిద్ర కునుకు, బ్రేకు వైఫల్యం, ఎదురొచ్చే వాహనాన్ని తప్పించబోవడం, కొత్తగా నేర్చుకున్నవారు బ్రేకుకు బదులు యాక్సిలరేటరు తొక్కడం నిత్యం జరిగేవే. ఆ ఒక్క క్షణం పొరపాటుకు పదిమంది ప్రాణాలు పోకుండా చూడటమే రహదారి నిర్మాతల బాధ్యత. అడ్డుకట్ట ఉండాల్సింది అందుకే.

డెల్టాకు తగ్గ ముప్పు

తెనాలి పట్టణం మధ్య నుంచి మూడు కాలువలు ప్రవహిస్తున్నాయి. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు వచ్చిందీ వాటి వల్లే. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు పడవల ప్రయాణానికి, పొలాల తడికి తవ్వినవి. కట్టపై దారులు అప్పట్లో ఎడ్లబండ్లకు, ఆ తర్వాత సైకిళ్లకు సరిపోయాయి. కాలువ ఎటు తిరిగితే దారి అటే తిరిగింది. ఇప్పుడు అదే కట్టపై బస్సులు, ట్రాక్టర్లు, బడి పిల్లల ఆటోలు, లారీలు తిరుగుతున్నాయి. కాలువలు నిండుగా పారే ఖరీఫ్ నెలల్లో వాహనం నీటిలో పడితే లోపలివారు బయటపడేందుకు దొరికే వ్యవధి అతి స్వల్పం. నీరు లేని వేసవిలో లోతే ముప్పు. నల్గొండ జిల్లా వద్దిపట్ల వద్ద 2018 ఏప్రిల్‌లో కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయిన ఉదంతం, రెండు నెలలకే యాదాద్రి జిల్లా లక్ష్మాపురం వద్ద ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి పదిహేను మంది కన్నుమూసిన ఉదంతం కాలువ ఒడ్డున బతికే ఏ ఊరికైనా హెచ్చరికలే.

రేపల్లె, బాపట్లల ముప్పు వేరు. కత్తిపూడి నుంచి ఒంగోలు వరకు సాగే 216వ జాతీయ రహదారి పెనుమూడి - పులిగడ్డ వారధి దాటి రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వెళ్తుంది. తీరం వెంబడి సరకు మోసే భారీ వాహనాలు, నిజాంపట్నం వైపు నుంచి చేపలు, రొయ్యలు తెచ్చే వాహనాలు ఈ దారినే పడతాయి. దూరప్రయాణపు వేగంతో వచ్చిన వాహనం ఊరి బజారులోకి, బడి ముందుకు, బస్సు ఆగే చోటికి అదే ఊపుతో చేరుతుంది. బాపట్లలో దీనికి తోడు సూర్యలంక తీరానికి వారాంతాల్లో తరలివచ్చే జనం, కార్తిక మాసంలో సముద్ర స్నానాలకు పోటెత్తే భక్తులు. నడిచేవారు, వాహనాలు ఒకే దారిని పంచుకునే రోజులవి.

తెనాలిలో బస్టాండు, రైల్వే స్టేషను, నిమ్మకాయల మార్కెట్ వంటి చోట్ల సమస్య వేగం కాదు, దగ్గరతనం. లారీ వెనుకకు వచ్చేటప్పుడు, బస్సు ప్లాట్‌ఫారం వద్దకు చేరేటప్పుడు చక్రానికీ మనిషికీ మధ్య దూరం కొన్ని అడుగులే. కాబట్టి ఈ మూడు పట్టణాలకూ ఒకే రకం గొట్టాలను హోల్‌సేల్‌గా కొని పాతడం పరిష్కారం కాజాలదు.

వేగం రెట్టింపు.. తాకిడి నాలుగింతలు

అడ్డుకట్ట ఎంపికకు మూలం ఓ చిన్న లెక్క. వాహనం బరువు రెట్టింపయితే తాకిడి శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుంది. గంటకు 20 కి.మీ. వేగంతో వచ్చే కారును ఆపగలిగిన స్తంభం 40 కి.మీ. వేగంతో వచ్చే అదే కారును ఆపాలంటే నాలుగు రెట్లు సత్తా చూపాలి. 40 కి.మీ. వేగంతో వచ్చే ఒకటిన్నర టన్నుల కారుతో పోలిస్తే, 48 కి.మీ. వేగంతో వచ్చే 6.8 టన్నుల లారీ తాకిడి సుమారు ఆరున్నర రెట్లు. అదే లారీ 80 కి.మీ. వేగం అందుకుంటే ఆ తాకిడి మరో రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది.

ఈ లెక్క ఆధారంగానే పరీక్షా ప్రమాణాలు రూపొందాయి. రాయబార కార్యాలయాల రక్షణకు అమెరికా విదేశాంగ శాఖ 1985లో ప్రమాణాలు తెచ్చింది. వాటి స్థానంలో ఏఎస్‌టీఎం సంస్థ 2007లో ఎఫ్ 2656 ప్రమాణాన్ని ప్రకటించింది. ఇందులో ఎం-30 అంటే 6.8 టన్నుల లారీ గంటకు 30 మైళ్ల (48 కి.మీ.) వేగంతో నేరుగా ఢీకొన్నా ఆపగలిగినది. ఎం-50 అంటే 50 మైళ్ల (80 కి.మీ.) వేగాన్ని తట్టుకున్నది. అడ్డుకట్టను దాటి లారీ ఎంత లోపలికి చొచ్చుకొచ్చిందో పీ అక్షరం తెలుపుతుంది. పీ-1 అంటే ఒక మీటరు లోపు, పీ-2 అంటే ఏడు మీటర్ల వరకు, పీ-3 అంటే ముప్పై మీటర్ల వరకు. అడ్డుకట్ట వెనుక రెండు అడుగుల్లోనే జనం నిలబడే చోట పీ-3 రకం పెడితే అది విఫలమైనట్లే లెక్క. బ్రిటన్‌లో 2005 నుంచి పాస్ 68 ప్రమాణం ఉండేది. ఆ తర్వాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2023లో ఐఎస్ఓ 22343ని తీసుకొచ్చింది.

దుకాణాల ముందు, బ్యాంకుల ముందు తక్కువ వేగంతో దూసుకొచ్చే కార్లకు ఇంత భారీ స్తంభాలు అక్కర్లేదు. వాటి కోసం ఎఫ్ 3016 అనే మరో ప్రమాణం ఉంది. సుమారు 2.3 టన్నుల వాహనాన్ని 16, 32, 48 కి.మీ. వేగాల్లో ఆపగలవా అని ఇందులో పరీక్షిస్తారు. రెండు ప్రమాణాల మధ్య తేడా తెలియకపోతే ఏం జరుగుతుందో అమెరికాలోని న్యూ ఓర్లియన్స్ నగరం చూసింది. జనం కిక్కిరిసిన బోర్బన్ వీధిలోకి 2025 జనవరి 1న ఓ దుండగుడు వాహనంతో దూసుకెళ్లి 14 మందిని పొట్టన పెట్టుకున్నాడు. అప్పటికే ఉన్న అడ్డుకట్టలు పాడైపోగా వాటిని మార్చే పని సాగుతోంది. కొత్తగా అమర్చబోతున్నవి సైతం గంటకు 10 మైళ్ల వేగానికే పరీక్షించినవని వార్తా సంస్థలు బయటపెట్టాయి. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ అనుభవం ఇందుకు భిన్నం. 2017 మే 18న కాలిబాటపైకి ఎక్కి జనాన్ని తొక్కుకుంటూ వచ్చిన కారును చివరకు అక్కడి ఉక్కు స్తంభాలే నిలువరించాయి. అప్పటికే ఒక యువతి ప్రాణం పోయింది. స్తంభాలు లేకుంటే ఎందరు బలయ్యేవారో ఊహించలేం.

నేరుగా తాకితే ఒకటి.. పక్కగా తాకితే మరొకటి

ఇక్కడే చాలా చోట్ల గందరగోళం తలెత్తుతోంది. రహదారి అంచున కనిపించే ముడతల ఇనుప రేకు కంచె వాహనం పక్కగా ఒరుసుకున్నప్పుడు దాన్ని తిరిగి రోడ్డుపైకి మళ్లించేందుకు తయారైనది. సాధారణంగా ఇరవై డిగ్రీల కోణంలో తాకించి దాన్ని పరీక్షిస్తారు. టీ ఆకారపు కూడలిలో, రోడ్డుకు ఎదురుగా ఉన్న బడి గోడ ముందు అదే కంచె పెడితే నేరుగా వచ్చే లారీని ఆపుతుందన్న భరోసా లేదు. అలాంటి చోట లోతైన పునాదిపై నిలిచే స్తంభాలు, కాంక్రీటు దిమ్మెలు కావాలి. కాలువ కట్ట పొడవునా స్తంభాలు పాతితే అది మరో తప్పు. వాహనాన్ని మళ్లించకుండా ఒక్కసారిగా ఆపేసి లోపలివారిని బలిచేస్తాయి.

రక్షణ కంచెల్లోనూ తరగతులున్నాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1317 ప్రకారం ఎన్-2 తరగతి కంచెను ఒకటిన్నర టన్నుల కారుతో పరీక్షిస్తారు. హెచ్-2 తరగతిని 13 టన్నుల బస్సు 70 కి.మీ. వేగంతో ఢీకొట్టినా నిలిచేలా పరీక్షిస్తారు. బస్సులు తిరిగే కాలువ కట్టపై ఎన్-2 కంచె వేస్తే కారుకు రక్షణ దొరుకుతుందేమో గాని బస్సుకు దొరకదు. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో ఐఆర్‌సీ 119 పేరుతో రక్షణ కంచెలపై మార్గదర్శకాలు ఇచ్చింది. వంతెనల విషయంలో ఐఆర్‌సీ 6 మూడు తరగతులను పేర్కొంటోంది. వాటిలో అత్యధిక రక్షణ ఇచ్చే పీ-3 తరగతి 30 టన్నుల వాహనం 60 కి.మీ. వేగంతో 20 డిగ్రీల కోణంలో తాకినా ఆపాలి. రద్దీగా ఉండే రైలు మార్గాల మీదుగా వెళ్లే వంతెనల వంటి ప్రమాదకర ప్రదేశాలకు ఇది ఉద్దేశించినది. విజయవాడ - చెన్నై ప్రధాన రైలు మార్గంపై ఉన్న తెనాలి వంటి పట్టణం మరచిపోకూడని విషయమిది.

కంచె వేసేటప్పుడు మరో రెండు అంశాలు కీలకం. ఇనుప రేకు కంచె తాకిడికి వెనక్కి వంగుతుంది. అలా వంగేందుకు వెనుక జాగా ఉండాలి. కాలువ కట్ట అంచునే, మెత్తటి మట్టిలో పాతితే స్తంభాలు కట్టతో సహా జారిపోతాయి. కంచె మొదలయ్యే చివరను నేలలోకి దించడమో, పరీక్షించిన ముగింపు భాగాన్ని అమర్చడమో చేయకుంటే ఆ రేకు వాహనంలోకి ఈటెలా దిగబడుతుంది. ముళ్లపాడు వంటి చోట్ల వంతెన పిట్టగోడకు, రోడ్డు కంచెకు మధ్య ఖాళీ మిగిలితే ఎంత పొడవు కంచె వేసినా ఫలితం శూన్యం.

నేల మారితే బలం మారుతుంది

పరీక్షకు నిలిచిన స్తంభం అంటే ఇనుప గొట్టం ఒక్కటే కాదు, దాని పునాది కూడా. పరీక్ష ఏ నేలలో, ఎంత లోతు పునాదితో, ఎంత కాంక్రీటుతో జరిగిందో ఆ నివేదికలో ఉంటుంది. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు మలిచే తెనాలి శిల్పుల చేతిలో స్తంభం తయారు కావడం కష్టమేమీ కాదు. చూడటానికి విదేశీ స్తంభానికి దీటుగానే ఉంటుంది. తేడా భూమి కింద ఉంటుంది. తెనాలి, రేపల్లె ప్రాంతాల నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. భూగర్భ జలం పైపైనే తగులుతుంది. బాపట్ల తీర గ్రామాల్లో ఇసుక నేల, ఉప్పుగాలి. గట్టి నేలలో నెగ్గిన పునాది ఇక్కడా నెగ్గుతుందని అనుకోవడం పొరపాటు. నేల పరీక్ష చేయించి, ఇంజినీరు పునాదిని తిరిగి లెక్కించాలి. తీరంలో జింకు పూత లేని ఇనుము కొన్నేళ్లకే పైకి రంగు, లోపల తుప్పుగా మిగులుతుంది.

పట్టణాల్లో మరో చిక్కుంది. కాలిబాట కింద మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, తంతులు ఉంటాయి. లోతుగా తవ్వడం వీలుకాని చోట్ల కోసం తక్కువ లోతులో, వరుస స్తంభాలను ఒకే ఉక్కు చట్రంతో కలిపే రకాలు ఉన్నాయి. తవ్వకం మొదలయ్యాక గొట్టం అడ్డొచ్చిందని స్తంభాన్ని అడుగు లోతులోనే పాతేసి పైన సిమెంటు పూస్తే ఆ వరుసకంతటికీ పరీక్షా పత్రం చెల్లదు.

కాపాడాల్సినవారికే అడ్డం కారాదు

స్తంభాల మధ్య ఖాళీ ఎంత ఉండాలన్నది కూడా లెక్కే. కారు దూరకుండా ఉండేందుకు 1.2 మీటర్లకు మించకూడదన్నది బ్రిటన్ వంటి దేశాల్లో పాటించే పద్ధతి. చక్రాల కుర్చీలో వెళ్లేవారికి దాదాపు అంతే జాగా కావాలి. కాబట్టి ఒకే కొలత ఇద్దరి అవసరాన్నీ తీర్చగలదు. అడుగుకొకటి పాతితే వికలాంగులు, పసిపిల్లల తల్లులు, చేతికర్రతో నడిచే వృద్ధులు తిరిగి రోడ్డుపైకే దిగాల్సి వస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016 దీనికి ఒప్పుకోదు. పాదచారులకు ఆటంకం లేని కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. అగ్నిమాపక శకటం, అంబులెన్స్ వెళ్లాల్సిన చోట తాళంతో తీసే స్తంభాలు ఉండాలి. ఆ తాళం ఎవరి దగ్గర ఉందో రాత్రి రెండు గంటలకు కూడా తెలిసుండాలి.

ద్విచక్ర వాహనదారుల సంగతి మరువరాదు. 2022లో రోడ్డు ప్రమాద మృతుల్లో సుమారు 44 శాతం వారే. రాత్రివేళ వెలుగు లేని రోడ్డు మధ్య కాంక్రీటు దిమ్మెలను వదిలేస్తే అవే యమపాశాలవుతాయి. మెరిసే పట్టీలు, ముందస్తు హెచ్చరిక బోర్డు లేని అడ్డుకట్ట రక్షణ కాదు, కొత్త ప్రమాదం.

డబ్బెక్కడిది?

మురుగు కాలువలకే నిధులు చాలని పట్టణాల్లో పరీక్షకు నిలిచిన స్తంభాల ఖర్చు భరించగలమా అన్న సందేహం సహజం. జవాబు ఎంపికలోనే ఉంది. అన్నిచోట్లా ఎం-50 అక్కర్లేదు. వాహనం వేగం అందుకునే దారిని మూసేస్తే చిన్న అడ్డుకట్టే చాలుతుంది. ఊరి పొలిమేరలో రోడ్డును కొద్దిగా మలుపు తిప్పడం, కూడలి ముందు వెడల్పు తగ్గించడం, పద్ధతిగా కట్టిన వేగ నిరోధకాలు వేయడం ద్వారా 60 కి.మీ. వేగాన్ని 30కి దించితే తాకిడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత కొనే స్తంభం ఖరీదూ దిగుతుంది. బడి గేటును రహదారి వైపు నుంచి పక్క వీధిలోకి మార్చడానికి, బస్సు ఆగే చోటును మలుపు నుంచి వంద గజాలు జరపడానికి పెద్దగా ఖర్చుండదు. సూర్యలంక వంటి చోట్ల పండుగ రోజుల్లో వాహనాలను దూరంగానే ఆపి, జనం నడిచే దారిని వేరు చేస్తే సగం ముప్పు తప్పుతుంది. అక్కడ ఖాళీ ప్లాస్టిక్ దిమ్మెలు వరుసగా పెట్టి సరిపెట్టుకోకూడదు. వాటిలో నీరు నింపి, ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా బిగిస్తేనే అవి ఎంతో కొంత పనిచేస్తాయి.

ఈ చర్యలన్నీ పోగా మిగిలిన అసలైన ప్రమాద స్థలాలకే భారీ అడ్డుకట్టలు కొనాలి. టెండరు పిలిచే ముందు ఆరు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు ఉంటే సగం పని పూర్తయినట్లే.

• ఆ చోటికి రాగల అతి బరువైన వాహనం ఏది? కారా, ట్రాక్టరా, బస్సా, లారీయా?
• అక్కడికి చేరేలోగా అది అందుకోగల గరిష్ఠ వేగం ఎంత?
• నేరుగా తాకుతుందా, పక్కగా ఒరుసుకుంటుందా?
• అడ్డుకట్ట వెనుక మనుషులు గాని, గోడ గాని, నీరు గాని ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయి?
• నేల ఏమిటి, దాని కింద ఏ గొట్టాలున్నాయి?
• దెబ్బ తగిలిన తర్వాత ఎవరు, ఎన్ని రోజుల్లో బాగు చేయాలి?

టెండరులో 'దానికి సమానమైనది' అన్న మాట చొప్పించడం నాసిరకానికి తలుపులు తెరవడమే. సరఫరాదారు ఇచ్చే పరీక్షా పత్రం సరిగ్గా ఆ నమూనాకు, ఆ పునాదికి చెందినదేనా అని సరిచూడాలి. గుత్తేదారు పునాది తీసినప్పుడు కాంక్రీటు పోయక ముందే కొలతలు తీసి, ఛాయాచిత్రాలతో నమోదు చేయాలి. పూడ్చిన తర్వాత లోతు ఎంతో ఎవరూ చెప్పలేరు.

బాధ్యత ఎవరిది?

ఈ మూడు పట్టణాల్లో రోడ్డు ఒకరిది, కాలువ కట్ట మరొకరిది, కాలిబాట ఇంకొకరిది. జాతీయ రహదారి విభాగం, రహదారులు భవనాల శాఖ, జలవనరుల శాఖ, పురపాలక సంఘాలు ఎవరి హద్దు వారు చూసుకుంటే ఆ హద్దుల మధ్యే ఖాళీలు మిగులుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండగా, బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. కాలువలు మాత్రం జిల్లా సరిహద్దులను పట్టించుకోవు. తెనాలి దాటిన నీరే కింది మండలాలకు పారుతుంది, దాని కట్టపై అదే బస్సు తిరుగుతుంది. సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఇచ్చిన ఆదేశాల మేరకు ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన రహదారి భద్రత కమిటీ ఉండాలి. ఈ శాఖలన్నీ ఒకే బల్ల వద్ద కూర్చునే వేదిక అదొక్కటే. రెండు జిల్లాల కమిటీలు కలిసి కాలువ కట్టల జాబితా తయారు చేస్తే సరిహద్దు వద్ద కంచె ఆగిపోయే దుస్థితి తప్పుతుంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణతో 198ఏ సెక్షన్ చేరింది. రహదారి నమూనా, నిర్మాణం, నిర్వహణలో నిర్దేశిత ప్రమాణాలు పాటించక మరణం గాని, వైకల్యం గాని సంభవిస్తే బాధ్యులైన అధికార సంస్థకు, గుత్తేదారుకు, సలహాదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రాణానికి లక్ష వెల కట్టడం సబబా అన్న చర్చ ఉండొచ్చు. అయినా ప్రమాదం జరిగిన ప్రతిసారీ డ్రైవరుపై కేసు పెట్టి దస్త్రం మూసేసే అలవాటుకు ఈ సెక్షన్ తొలిసారి అడ్డు చెప్పింది. అడ్డుకట్ట ఏ ప్రమాణం ప్రకారం ఎంపిక చేశారని అడిగే హక్కు బాధిత కుటుంబానికి ఉంది. ఆ ప్రశ్నకు జవాబిచ్చే కాగితం కార్యాలయంలో ఉండాలి.

వేసవిలోగా సిద్ధం కావాలి

కాలువ కట్టలపై పనులకు ఏడాదిలో వ్యవధి తక్కువ. నీరు కట్టేసిన వేసవి నెలల్లోనే పునాదులు తవ్వడం, కట్ట పటిష్టం చేయడం సాధ్యం. ఖరీఫ్‌కు నీరు వదిలాక ప్రతిపాదనలు కదిలితే మరో ఏడాది ఆగాల్సిందే. కాబట్టి ప్రమాద స్థలాల సర్వే, నేల పరీక్షలు, అంచనాలు, టెండర్లు కాలువలు కట్టేసే లోపే పూర్తికావాలి. తొలి విడతలో ప్రతి పట్టణానికి అయిదు చోట్లు ఎంచుకున్నా చాలు. బస్సులు తిరిగే కాలువ మలుపు, వంతెనకు ఇరువైపులా మిగిలిన ఖాళీలు, రహదారికి ఎదురుగా ఉన్న బడి, బస్టాండు ముందు జనం నిలబడే చోటు, ఆసుపత్రి గేటు. ఆ అయిదింటినీ పద్ధతిగా చేసి చూపితే మిగిలినవాటికి నమూనా దొరుకుతుంది.

పౌరులు చేయగలిగిందీ ఉంది. తమ వీధిలో కొత్తగా స్తంభాలు పాతుతుంటే రంగు బాగుందా లేదా అని కాకుండా, ఎంత బరువున్న వాహనాన్ని, ఎంత వేగంలో ఆపుతుందని అడగాలి. సమాచార హక్కు చట్టం కింద పరీక్షా పత్రం నకలు కోరవచ్చు. వర్తక సంఘాలు, కళాశాలలు, ఆలయాల నిర్వాహకులు సొంత ఖర్చుతో పెట్టుకునే అడ్డుకట్టలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. అధికారులు ఆ ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పగలిగిన నాడే కాలువ కట్టపై బస్సెక్కే విద్యార్థికి, బజారులో బుట్ట ముందు కూర్చునే మహిళకు నిజమైన భరోసా దక్కుతుంది.